కూర దేశాటనము



నేను ఉపాధ్యాయుఁడనై యున్న దినములలో నొకనాఁడు తరగతిలో నిట్లు గర్వముగాఁ బలికితిని: "కూరయు మనదే, కారమును మనదే. లోకమునకు రుచి నేర్పినవారము మనము." వెనుక బల్లనుండి యొక బాలుఁడు లేచి, "మిరపకాయ కూడ మనదేనా, మాస్టరుగారూ?" అని యడిగెను. నాకు సమాధానము తోఁచలేదు. కూర్చుండుమని గద్దించితిని. ఆ గద్దింపునకుఁ బ్రాయశ్చిత్తమే నేఁటి యీ ప్రసంగము.

ఆంగ్లేయుల "కర్రీ" యను మాటకు తమిళమునందలి "కరి" మూలమని పలువురు పండితుల మతము. మనకు ఇగురు వేఱు, పులుసు వేఱు, వేపుడు వేఱు. తెల్లవారు వీని నన్నిటిని నొక్క పేరనే పిలిచి, మసాలాను పొడిగాఁ జేసి స్వదేశమునకుఁ గొనిపోయిరి. 1747లో లండనున నచ్చైన హానా గ్లాసు పాకగ్రంథమున నీ వంటకము గలదు. అందలి దినుసులు మిరియములు, వేయించిన ధనియములు, మిరపకాయ లేదు. పాట్నాలో జన్మించిన దీన్ మహమ్మదు 1810లో లండనునందు "హిందూస్థానీ కాఫీ హౌసు" అను భోజనశాల తెఱచెను. రెండేండ్లకే యతఁడు దివాలా తీసెను. కాని యా రుచి యచ్చట నిలిచినది.

ఇది దొరల వెంటఁ బోయిన త్రోవ. కూలీల వెంటఁ బోయిన త్రోవ వేఱొకటి గలదు. 1834 మొదలు మారిషసు చెఱకుతోటలకు మనవారు ఒడంబడికపై పోవసాగిరి. 1860 నవంబరులో మద్రాసునుండి "ట్రూరో" యను నోడ డర్బను రేవు చేరెను. ఇట్లు సముద్రము దాఁటినవారిలో తెలుఁగువారును గలరు. కొలిచి యిచ్చిన బియ్యముతో, పప్పుతో వారు తమ యింటి వంటనే వండుకొనిరి. పిదప డర్బనులో రొట్టెను తొలిచి యందు కూర నింపి యమ్ముట వాడుక యయ్యెను. తాతల భాష మఱచిన మనుమలు సైతము తాతల కూరను మఱవలేదు.

జపానునకు కూరపొడి మొదట నాంగ్లేయుల మూలముననే చేరెను. అయినను మఱియొక కథ గలదు. విప్లవకారుఁడగు రాస్ బిహారీ బోసు ఆంగ్లప్రభుత్వమునకుఁ జిక్కక 1915లో జపాను చేరఁగా, టోకియోలో నాకమురాయా యను రొట్టెల యంగడి నడపు సోమా దంపతులు ఆయనను దాఁచి కాపాడిరి. వారి కుమార్తె తోషికోను ఆయన 1918లో వివాహమాడెను. 1925లో నామె మరణించెను. 1927లో ఆ యంగడివారు భోజనశాల తెఱచినప్పుడు, బోసు తన దేశపు పద్ధతిని అచ్చట కూర వండించెను. ఆశ్రయమిచ్చిన యింటికి పరదేశి తీర్చుకొన్న ఋణమది.

ఇఁక నా బాలుని ప్రశ్న. మిరపకాయ అమెరికా ఖండమునఁ బుట్టినది. 1498లో వాస్కో డ గామా కోళికోడు చేరిన పిమ్మట పోర్చుగీసువారు దానిని మన తీరమునకుఁ దెచ్చిరి. చరకసంహితలో దాని ప్రసక్తియే లేదు. అంతకుముందు మన వంటలకు ఘాటు నిచ్చినది మిరియమే. ఆ పాత పేరును బోలిన పేరునే మనవారు క్రొత్త కాయకుఁ బెట్టుకొనిరి. నేఁడు గుంటూరు మిరపకాయ లేని తెలుఁగు వంటయిల్లు అరుదు!

నాయనా, నీ వెచ్చట నున్నను వినుము. మిరపకాయ మన యింటికి వచ్చి మనదైనది. మన కూర పరుల యింటికిఁ బోయి వారిదైనది. నాఁడు నీ వడిగిన ప్రశ్న సరియైనదే. గద్దించిన నాదే తప్పు.