పల్నాడులో సాగునీటి నిర్వహణ

పల్నాడు జిల్లా ఉత్తరపు సరిహద్దు వెంట కృష్ణానది పారుతుంది. అయినా మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో మెట్ట పొలాలు శతాబ్దాల పాటు వాననే నమ్ముకున్నాయి. నది పల్లంలో, పొలాలు మెరకలో ఉండడమే కారణం. చంద్రవంక, నాగులేరు వానాకాలం దాటితే సన్నగిల్లుతాయి. 15వ శతాబ్దపు కవి శ్రీనాథుడు ఇక్కడ దప్పికకు తాళలేక, పార్వతి ఉండగా గంగ దేనికని, ఆమెను ఇటు వదలమని శివుణ్ణి అడిగాడంటారు. ఆ చాటువు నేటికీ జనం నోట ఉంది.

నందికొండ దగ్గర ఆనకట్ట కోసం ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పట్టుబట్టి పోరాడారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడే నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి కాలువ, అంటే జవహర్ కాలువ, నాటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టుకు ఆధారమైంది. బచావత్ ట్రైబ్యునల్ కేటాయింపుల్లో దీని వాటా 132 టీఎంసీలు.

ఈ నీటిని ఎలా పంచాలో మొదట్లోనే ఆలోచించారు. కొంత ఆయకట్టును మాగాణికి, మిగతాదాన్ని పత్తి, మిరప, జొన్న లాంటి ఆరుతడి పంటలకు కేటాయించారు. ఆచరణలో ఎగువ రైతులు ఆరుతడి భూమిలోనూ వరి వేశారు. వరి చేతికొస్తే ఇంట్లో తిండిగింజలకు కొరత ఉండదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. నష్టపోయింది మాత్రం చివరి భూముల వాళ్లు. కొరత ఏడాది వచ్చిందంటే మేజరు (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద కాలువ) మీద కొన్ని రోజులు నీరు వదిలి, కొన్ని రోజులు కట్టి, వంతుల వారీగా ఇస్తారు. లస్కరు (కాలువ కావలి ఉద్యోగి) తూము తలుపు దించి వెళ్లాక ఎవరో ఎత్తుతారు. కాలువ గట్టున ఆయిల్ ఇంజన్లు పెట్టి తోడుకుంటారు. దాంతో చివరి బోదె దాకా నీరు చేరదు.

ఈ చిక్కు తీర్చడానికే 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి నిర్వహణ చట్టం వచ్చింది. రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కాలువల పూడిక తీయడం, వంతులు చూడడం రైతులే చేసుకోవాలన్న ఆలోచన గొప్పది. తర్వాత చాలా ఏళ్లు ఎన్నికలు జరపకుండా సంఘాలను నీరసపరచడం పొరపాటు. 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. అంతకు ముందే, 2010లో, ప్రపంచ బ్యాంకు రుణంతో సాగర్ కాలువల ఆధునికీకరణ మొదలైంది.

2003లో రాష్ట్ర సూక్ష్మసేద్య పథకం మొదలయ్యాక బోర్ల కింద డ్రిప్ వచ్చింది. మిరప చేలో మల్చింగ్ షీటు పరిచి, దాని కింద లేటరల్ పైపు వేస్తే నీరు చుక్కచుక్కగా మొక్క మొదట్లోనే పడుతుంది. ఎరువునూ అదే పైపులో పంపుతారు. సాళ్ల మధ్య తడి ఉండదు, కలుపూ తగ్గుతుంది. చిన్న, సన్నకారు రైతులకు సబ్సిడీ ఉంది. కానీ ఫిల్టరు కడగకపోయినా, ఉప్పునీటి బోరు ఉన్నచోట పైపుల్లోకి ఆసిడ్ పంపి శుభ్రం చేయకపోయినా డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఉడతలు, ఎలుకలు పైపులు కొరుకుతాయి. పైపులు ఇచ్చి ఊరుకోకుండా, వాటిని చూసుకునే తీరు కూడా నేర్పాలి.

డ్రిప్ బోర్ల కిందే ఆగిపోయింది. కాలువ నీరు వంతుల మీద వస్తుంది, డ్రిప్‌కు రోజూ కొంత కావాలి. పొలంలో నీటి కుంట తవ్వి నింపుకున్న రైతుకే ఈ రెండూ కలుస్తాయి. సబ్సిడీ ఇచ్చేటప్పుడు పైపులతో పాటు కుంటకూ ఇవ్వడం అవసరం.

కాలువకే నీరు చాలని ఏళ్లూ ఉంటాయి. 2023లో కృష్ణాకు వరద సరిగా రాలేదు. నవంబరు 30న సాగర్ ఆనకట్టపై ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసుల మధ్య ఉద్రిక్తత నడుమ కుడి కాలువకు తాగునీరు వదిలారు. అంతకు పక్షం రోజుల ముందే, నవంబరు 15న, వెల్దుర్తి మండలంలోని మెరక పొలాలకు కృష్ణా నీటిని ఎత్తిపోసే వరికపూడిసెల పథకం తొలి దశకు మాచర్లలో శంకుస్థాపన జరిగింది. ఆ దశ లక్ష్యం 24,900 ఎకరాలు.