పిల్లుల్లో భోజనానంతర వాంతులు, ఆహార నియమాలు

పెంపుడు పిల్లి తిన్న వెంటనే గానీ కొన్ని గంటలకు గానీ ఆహారాన్ని కక్కడం ఒక లక్షణమే తప్ప విడిగా ఒక జబ్బు కాదు. దీని వెనుక తొందరపడి తినడం వంటి చిన్న కారణం ఉండవచ్చు, పేగు క్యాన్సర్ కూడా ఉండవచ్చు. కక్కడం పిల్లుల సహజ గుణమేనన్న పాత అభిప్రాయం ఇటీవలి పశువైద్య రచనల్లో బలహీనపడుతోంది.

వాంతి, ఎగదన్నడం

వాంతినీ ఎగదన్నడాన్నీ వేరుచేసి చూడటం చికిత్సలో తొలి మెట్టు. వాంతికి ముందు పిల్లి చొంగ కారుస్తుంది, పెదవులు నాక్కుంటుంది, పొట్ట ఎగసిపడుతుంది. బయటికి వచ్చిన దానిలో సగం అరిగిన ఆహారం, పసుపుపచ్చని పైత్యరసం కనిపించవచ్చు. ఎగదన్నడంలో ఈ శ్రమ ఉండదు. ఆహారం జీర్ణాశయం దాకా పోకుండా అన్నవాహిక నుంచే, తరచు గొట్టం ఆకారంలో, అరగకుండా జారిపడుతుంది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడి, మార్గం ఇరుకై ఈ స్థితి రావచ్చు. అందుకే మాత్ర వేశాక కొద్దిగా నీరో ఆహారమో ఇవ్వాలంటారు. కక్కేటప్పుడు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో వైద్యుడికి బాగా ఉపయోగపడుతుంది.

కారణాలు

ఆదరాబాదరాగా తినడం, ఆహారాన్ని హఠాత్తుగా మార్చడం, నాకినప్పుడు లోపలికి పోయిన వెంట్రుకలు ఉండకట్టడం, ఏలికపాములు, ఆహారం పడకపోవడం తరచు కనిపించే కారణాలు. నడివయసు దాటిన పిల్లుల్లో థైరాయిడ్ అతిస్రావం, మూత్రపిండాల వ్యాధి, దీర్ఘకాలిక పేగు వాపులను కూడా పరిశీలించాలి. పొడి గుళికలు కడుపులో ఉబ్బి వాంతి తెప్పిస్తాయన్న మాట ప్రచారంలో ఉన్నా, గబగబా ఎక్కువ మింగడమే బలమైన కారణంగా తోస్తుంది.

నార్స్‌వర్తీ అనే పశువైద్యుడి బృందం 2013లో 100 పిల్లుల వివరాలు ప్రకటించింది. వాటిలో 99కి దీర్ఘకాలిక చిన్నపేగు వ్యాధి ఉన్నట్లు తేలింది. అయితే స్కానింగ్‌లో పేగు గోడ మందంగా కనిపించిన పిల్లులనే ఆ పరిశీలనకు తీసుకున్నారు. కాబట్టి ఎప్పుడో ఒకసారి కక్కే ప్రతి పిల్లికీ ఆ నిష్పత్తిని అన్వయించలేం. పదే పదే కక్కే పిల్లిని పరీక్ష చేయించకుండా వదలరాదన్నంత వరకు దాన్ని స్వీకరించవచ్చు.

పెట్టే పద్ధతి

రోజు మొత్తం మీద పెట్టే ఆహారాన్ని పెంచకుండా నాలుగైదు విడతలుగా పంచాలి. లోతైన గిన్నెకు బదులు వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిస్తే పిల్లి ఒక్కో ముద్దా ఏరుకుని తింటుంది. ఒకటికి మించి పిల్లులున్న ఇంట్లో పోటీ వల్లనే తొందర పుడుతుంది కాబట్టి, ఒకదానికొకటి కనబడని చోట్ల పెట్టడం మేలు. కొత్త ఆహారాన్ని పాతదానిలో కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మార్చాలి. ఆహారం పడటం లేదన్న అనుమానం ఉంటే, అంతకుముందు తినని మాంసకృత్తులున్న ఆహారాన్నే వైద్యుడి సలహాపై కొన్ని వారాలు పెట్టి చూస్తారు. ఆ గడువులో మరే తినుబండారమూ ఇవ్వకూడదు.

తెలుగు ఇళ్లలో

పాలన్నం, పెరుగన్నం, చేపల తలకాయలు పిల్లికి పెట్టడం మన ఇళ్లలో వాడుక. పాలు విడిచే వయసు దాటాక చాలా పిల్లుల్లో పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గుతుంది. పిల్లి మాంసాహార జీవి, దానికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి. టారిన్ లోపంతో కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో పరిశోధకులు వెల్లడించారు. అందువల్ల అన్నమే ప్రధానంగా పెట్టడం చాలదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి కూర, పులుసు కలిపిన అన్నం పెట్టరాదు. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం ఒకటి రెండు రోజులకు సరిపోతుంది. పూలమాల దారం మింగితే పేగు తెగే ప్రమాదం ఉంది. నోట్లోంచి దారం వేలాడుతున్నా లాగకూడదు.

వివాదాంశాలు

వాంతి అయిన పిల్లిని ఒక రోజంతా పస్తు ఉంచాలని పాత పుస్తకాలు చెప్పేవి. అయితే తిండి మానిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కొన్ని రోజుల్లోనే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి రావచ్చు. కొద్దికొద్దిగా తేలిక ఆహారం ఇవ్వడం వైపే ఇప్పుడు ఎక్కువమంది వైద్యుల మొగ్గు, అదే సమంజసం.

పిల్లి గడ్డి తినేది వెంట్రుకలు కక్కడానికేనని ఒక వాదం ఉంది. పరిశోధకుడు బెంజమిన్ హార్ట్ బృందం గడ్డి తినడాన్ని అడవి పూర్వీకుల నుంచి వచ్చిన అలవాటుగా, పేగు పురుగులను వెళ్లగొట్టే ఉపాయంగా భావించింది. ప్రశ్న పూర్తిగా తేలలేదు.

వైద్యుడిని కలవాల్సిన సందర్భాలు

రక్తం పడినా, ఒకే రోజు పదే పదే కక్కినా, 24 గంటలు తిండి ముట్టకపోయినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయరాదు. మూత్రం ఆగినా వాంతులు రావచ్చు కాబట్టి, మూత్రానికి ముక్కుతున్న మగపిల్లిని వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. పారాసిటమాల్ పిల్లులకు విషం కాబట్టి మనుషుల మందులు ఇంట్లో వేయకూడదు. కక్కిన తేదీ, పెట్టిన ఆహారం, నెలకోసారి తూచిన బరువు రాసి ఉంచితే కారణం పట్టుకోవడం వైద్యుడికి సులువవుతుంది.