అద్దకపు అచ్చుల ఆయుర్దాయము

బందరు కలంకారీ బట్టను చూచినవారు దాని రంగులను మెచ్చుకొందురు. ఆ రంగులను బట్టపై నిలిపిన కొయ్య అచ్చును తలచువారు అరుదు. కాని అచ్చు చెడినచో ఎంత మంచి రంగయినను అలుకుకొని పోవును.

1611లో ఆంగ్లేయులు బందరులో వర్తకస్థానము నెలకొల్పిరి. వారిని ఇచ్చటికి రప్పించినది ముఖ్యముగా ఈ తీరపు నూలుబట్టలే. భారతదేశపు రంగుబట్టలకు అక్కడ గిరాకీ ఎంతగా పెరిగినదనగా, స్వదేశపు నేతగాండ్ర మొర ఆలకించి ఇంగ్లండు పార్లమెంటు 1700లో వాటిని ధరించుటను నిషేధించినది. పారశీక దేశమునను బందరు బట్టకు చిరకాలము ఆదరణ ఉండెను. చిరివేరులోని ఎరుపుకు మూలమైన అలిజరిన్‌ను 1868లో గ్రేబె, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసిరి. రంగు తీయు విధము మారినది గాని, అచ్చు మారలేదు.

అచ్చులను టేకుతో చెక్కుదురు. కొయ్య నీరు పీల్చి ఉబ్బును, ఆరి కుంచించుకొనును. ఈ మార్పు నార పొడవున లెక్కకు రానంత స్వల్పము. నారకు అడ్డముగా ఎక్కువ. టేకులో ఇది పెక్కు కొయ్యలకంటె తక్కువ; చెదలును సులభముగా పట్టవు. అయినను ఏమరుపాటు తగదు. ఒక పూవునకు గీత అచ్చు వేరు, లోపల రంగు నింపు అచ్చు వేరు. 20 సెంటీమీటర్ల అచ్చు నూటికి ఒక వంతు ఉబ్బినచో 2 మిల్లీమీటర్ల తేడా వచ్చును. అప్పుడు రంగు గీత దాటిపోవును.

నల్లరంగును ఇనుపముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి తీయుదురు. ఎరుపునకు ముందు పటికనీరు అద్దుదురు. రెండును ఆమ్లగుణము కలవే. చిక్కదనమునకు జిగురు కలుపుదురు. పని ముగియగానే కడుగనిచో జిగురు సందులలో గట్టిపడి సన్నని గీతలను పూడ్చును. ఆమ్లము కొయ్యనారను మెల్లగా బలహీనపరచును. ఎండిన జిగురును కత్తిమొనతో గీకినచో గీతయే ఊడివచ్చును.

కనుక అచ్చును వెంటనే మెత్తని కుంచెతో, మంచినీటితో కడుగవలెను, నానవేయరాదు. నీడలోనే ఆరబెట్టవలెను. ఎండలో పైపొర ముందుగా ఆరి కుంచించుకొనును, లోపలి కొయ్య తడిగానే యుండును. ఆ పెనుగులాటలో అచ్చు పగులును. కొత్త అచ్చును కొన్ని దినములు నూనెలో ఊరవేయు ఆచారమునకు కారణము కూడ ఇదియే. నూనె నీటిని పూర్తిగా ఆపలేదు, దాని రాకపోకలను మందగింపజేయును. చెక్కిన ముఖముపై బరువు పెట్టరాదు.

బందరుకు చేరువనున్న పెడనలో నేటికిని అద్దకము సాగుచున్నది. బట్ట అమ్ముడుపోవును, చినిగిపోవును. అచ్చు నిలిచినంతకాలము ఆ పూవును మరల వేయవచ్చును. మరొక ప్రతి లేని పాత అచ్చు పగిలినచో ఆ నమూనాయే అంతరించును. కడుగుట దినములోని చివరి పని. అలసిన చేయి దానిని రేపటికి వాయిదా వేయుట సహజము. అచ్చు ఆయుర్దాయమును తగ్గించునది పెక్కుసార్లు ఆ వాయిదాయే.