గాజుకు గాజే మూత

గాజు పలకలో వెంట్రుకంత సన్నని కాలువలు చెక్కడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. వాటికి మూత వేయడమే కష్టం. రక్తపు చుక్కనో, రసాయనాన్నో ఆ కాలువల్లో నడిపి పరీక్ష చేసే మైక్రోఫ్లూయిడిక్ చిప్‌ల చరిత్ర నా దృష్టిలో చాలావరకు ఈ మూత చరిత్రే.

జిగురు పూస్తే అది కాలువలోకి జారి దారి మూసేస్తుంది. కొలిమిలో కలపాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. లోపల ముందే పూసి ఉంచిన ఎంజైములు, యాంటీబాడీలు ఆ వేడికి నిలవవు. 1969లో వాలిస్, పొమెరాంట్జ్ వందల వోల్టుల విద్యుత్తు తోడుచేసి, అంతకంటే తక్కువ వేడిలోనే గాజును సిలికాన్‌కు అతికించే పద్ధతి ప్రకటించారు. 1998లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే మెత్తని రబ్బరుతో చిప్‌లు చేసి పని సులువు చేసింది. కానీ ఆ రబ్బరు చిన్న అణువులను పీల్చుకుంటుంది, కొన్ని ద్రావకాలు తగిలితే ఉబ్బిపోతుంది. గాజుకున్న నిలకడ దానికి లేదు.

గాజుకు గాజునే మూతగా అతికే దారి చివరికి లేజర్ చూపింది. లేజర్ ఈ ప్రాంతానికి కొత్తది కాదు. అదే 1998లో తిరుమల కొండలకు దగ్గర్లోని గాదంకిలో జపాన్ సహకారంతో లైడార్ నెలకొంది. ఆకుపచ్చ లేజర్ కాంతిని ఆకాశంలోకి పంపి, తిరిగొచ్చిన దాన్నిబట్టి పై వాతావరణాన్ని కొలిచే యంత్రమది. దాని పల్స్‌ల నిడివి నానోసెకన్లలో ఉంటుంది. గాజును గాజుతో అతికే పనికి బాగా ఉపయోగపడేవి ఫెమ్టోసెకన్లలో ముగిసే పల్స్‌లు. ఒక్క నానోసెకనులో పది లక్షల ఫెమ్టోసెకన్లు! అంత పొట్టి పల్స్‌లకు బలం చేకూర్చే ఉపాయాన్ని 1985లో స్ట్రిక్‌లండ్, మూరూ కనిపెట్టారు. 2018లో అందుకే వారికి నోబెల్ దక్కింది.

2005లో ఒసాకాలో తమాకి బృందం ఈ పల్స్‌లతో రెండు గాజు పలకలను నేరుగా అతికి చూపింది. కాంతి పై పలకను ఏమీ చేయకుండా దాటిపోతుంది. రెండు పలకలూ కలిసే చోట, భూతద్దం కింద ఎండలా ఒక్క బిందువుకు చేరినప్పుడే గాజు దాన్ని పీల్చుకుని కరుగుతుంది. కరిగే మేర కొన్ని పదుల మైక్రాన్లకు మించదు. పక్క కాలువలోని ఎంజైముకు వేడి తగలదు.

అయితే పలకలు శుభ్రంగా ఉండాలి. ఒకదాని మీద ఒకటి నొక్కిపెట్టినప్పుడు ఎక్కడైనా నలుసు చిక్కితే దాని చుట్టూ రంగురంగుల వలయాలు కనబడతాయి. వలయాలున్నాయంటే మధ్యలో గాలి ఉన్నట్టే. పలకలను మళ్ళీ విడదీసి కడగాల్సిందే.

తెలుగునేల మీద ఈ లేజర్ అతుకుకు దగ్గరి పని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జరిగింది. దీపక్, నారాయణరావు, వేణుగోపాలరావు ఫెమ్టోసెకన్ లేజర్‌తో పీఎంఎంఏ అనే ప్లాస్టిక్‌లోనూ, పీడీఎంఎస్‌లోనూ సూక్ష్మ నిర్మాణాలు చెక్కి, 2010లో ఫలితాలు ప్రచురించారు. అది చెక్కడం, అతకడం కాదు. కానీ చెక్కే లేజర్‌తోనే అతకవచ్చు కూడా.

ఒకసారి వాడి పారేసే పరీక్షలకు ప్లాస్టిక్ చాలు. ఘాటైన ద్రావకాలు పారే చిప్‌కు, ఏళ్ళ తరబడి వాడాల్సిన చిప్‌కు మాత్రం లేజర్‌తో అతికిన గాజే సరైనది. ఏర్పేడులో ఐఐటీ ఉంది, తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది. ఇక్కడి భౌతికశాస్త్ర విద్యార్థులు ఈ పనిని తమదిగా ఎంచుకోవాలి.