సమ్మెటకు లొంగని రాయి

డిటెక్టర్ కీచుమంది. ఓ మనిషి టక్కున ఆగాడు. 2015 మే. మనకు ఎండలు మాడ్చేసే నెల, ఆస్ట్రేలియాలో చలికాలానికి ముందు రోజులు. విక్టోరియా రాష్ట్రంలో మేరీబరో దగ్గరి పార్కు అది. పందొమ్మిదో శతాబ్దంలో బంగారం కోసం జనం ఎగబడి తవ్విన నేల. ఇతనూ అందుకే వచ్చాడు. పసుపుపచ్చ బంకమన్ను తవ్వితే కొద్ది లోతులోనే ఎర్రబారిన రాయి తగిలింది. పొడవు 39 సెంటీమీటర్లు కూడా లేదు. బరువు మాత్రం 17 కిలోలు! ఇంత బరువుందంటే లోపల బంగారం ముద్ద ఉండి తీరాలి. ఇక పగలగొట్టడమే తరువాయి.

రాళ్లు కోసే రంపం పెట్టాడు. తెగలేదు. గ్రైండర్ ఆన్ చేశాడు. లాభం లేదు. డ్రిల్‌కూ లొంగలేదు. యాసిడ్‌లో వేసినా కరగలేదు. చివరికి సమ్మెట ఎత్తి ఒక్కటిచ్చాడు. పగులు మాట దేవుడెరుగు, చిన్న బీట కూడా పడలేదు. బంగారం ఉన్న రాయి ఇంత మొండికేస్తుందా? మరి లోపలున్నదేంటి?

ఇలాంటి రాయే కర్నూలు జిల్లా కౌతాళం చేలో దొరికుంటే? తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం తల వంచుకుని తిరిగే జనం ఉన్న జిల్లా ఇది. నల్లరేగడిలో నల్లగా, బరువుగా ఓ రాయి కాలికి తగులుతుంది. పాత స్పీకర్‌లోంచి ఊడదీసిన మాగ్నెట్ దగ్గర పెడితే టక్కున అంటుకుంటుంది. గుండె జల్లుమంటుంది. ఆకాశం నుంచి పడిందేమో!

కానీ ఈ నేలలో అనుమానితులు చాలామందే ఉన్నారు. నైరుతి దిక్కున బళ్లారి, సండూరు ఇనుప ఖనిజం కొండలు. ఇక్కడి గ్రానైట్‌ను చీల్చుకుని పైకొచ్చిన డోలరైట్ నల్లరాళ్లు. ఎప్పుడో ఇనుము కరిగించినవాళ్లు పారబోసిన చిట్టెం. మ్యాగ్నటైట్ ఉన్న ఏ రాయైనా మాగ్నెట్‌కు అంటుకుంటుంది. కాబట్టి మాగ్నెట్ చెప్పేది ఒక్క మాటే: 'కావొచ్చు'. అంతకుమించి అడిగితే నోరు విప్పదు. పైగా నష్టం కూడా చేస్తుంది. అంగారకుడి నుంచి వచ్చి సహారాలో దొరికిన 'బ్లాక్ బ్యూటీ' ఉల్కలో ఆ గ్రహపు పాత అయస్కాంత క్షేత్రం గుర్తులు దొరుకుతాయని ఆశపడినవాళ్లకు, చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరు గట్టి మాగ్నెట్ ఆనించి చూసిన పాపానికి ఆ గుర్తులు చెరిగిపోయాయని ఎంఐటీ పరిశోధకులు 2023లో తేల్చి చెప్పారు. మాగ్నెట్‌ను నమ్మలేం. మరి ఎవర్ని అడగాలి?

మేరీబరో మనిషి ఏళ్ల తర్వాత ఆ రాయిని మెల్‌బోర్న్ మ్యూజియానికి మోసుకెళ్లాడు. ఎదురుగా అక్కడి శాస్త్రవేత్త డెర్మట్ హెన్రీ. 37 ఏళ్ల అనుభవం. 'ఇది ఉల్కేనా సార్?' అంటూ జనం తెచ్చిన రాళ్లు వేలల్లో చూసిన మనిషి. అన్నిట్లో నిజంగా ఉల్కలని తేలినవి రెండే రెండు. అందులో ఒకటి ఇప్పుడు ఆయన ముందే ఉంది. ఆ సంగతి ఇంకా తేలలేదు.

ముందు చూపు పనిచేసింది. రాయి పైభాగమంతా బొటనవేలితో నొక్కినట్టు గుంటలు. వాతావరణంలోకి దూసుకొస్తున్నప్పుడు పైపొర కరిగితే పడే గుర్తులవి. తర్వాత బరువు. భూమ్మీది మామూలు రాయి ఈ సైజులో ఇంత బరువుండదని తోటి శాస్త్రవేత్త బిల్ బర్చ్‌కూ అనిపించింది. ఈ లెక్కన మన చేతిలోని రాయినీ కొన్ని ప్రశ్నలు అడగొచ్చు. లోపల బుడగల్లాంటి చిల్లులున్నాయా? అయితే చాలావరకు చిట్టెమే. టైల్ వెనకవైపు, నునుపు లేనిచోట గీస్తే ఎర్రటి గీత పడిందా? హెమటైట్. నల్లటి గీతా? మ్యాగ్నటైట్. కొత్తగా పడిన ఉల్కయితే గీత దాదాపు పడదు. తుప్పు పట్టిన పాతది మాత్రం గీతతోనూ బురిడీ కొట్టించగలదు. అందుకే ఆఖరి తీర్పు రాయి లోపలే ఉంటుంది. అక్కడేమో సమ్మెట కూడా ఓడిపోయింది.

ఈసారి వజ్రపు రంపం వచ్చింది. చిన్న ముక్క తెగింది. బంగారం లేదు. బంగారపు నలుసు కూడా లేదు. కోసిన చోట ఇనుము నిండుగా కనిపించింది. మధ్యమధ్యలో సన్నటి గుండ్రటి గుళికలు. వాటిని కాండ్రూల్స్ అంటారు. కరిగిన ఖనిజపు బొట్లు శూన్యంలో తేలుతూనే గట్టిపడితే అవి తయారవుతాయి. భూమ్మీద పుట్టిన ఏ రాయిలోనూ అవి ఉండవు. ఇక అనుమానం లేదు. హెచ్5 తరగతి కాండ్రైట్ ఉల్క. వయసు 460 కోట్ల ఏళ్లు. భూమి ఇంకా పూర్తిగా ముద్దకట్టకముందే పుట్టిన రాయి! సమ్మెట ఎందుకు ఓడిపోయిందో కూడా అప్పుడే తెలిసింది. రాయి నిండా ఇనుము, నికెల్ కలిసిన లోహం. పగలకపోవడమే మొదటి సాక్ష్యం. చూసినవాడికి అది సాక్ష్యమని తెలియలేదంతే.

ఆ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. భూమ్మీద పడి వంద నుంచి వెయ్యేళ్లయి ఉంటుందని కార్బన్ పరీక్ష చెప్పింది. విక్టోరియాలో బంగారు ముద్దలు బోలెడు దొరికాయి. ఉల్కలు మాత్రం అప్పటికి దీంతో కలిపి 17 అంటే 17. బంగారం కోసం వెళ్లినవాడికి బంగారం కన్నా అరుదైనదే దొరికింది.

మన నేలకూ ఆ చుట్టాలు వచ్చారు. 1852 జనవరి 23న నెల్లూరు దగ్గర పడి, యాటూర్ పేరుతో రికార్డులకెక్కిన రాయి కూడా హెచ్5 కాండ్రైటే. కాబట్టి కౌతాళం చేలో నల్లరాయి దొరికితే ఆశ పడడంలో తప్పులేదు. సమ్మెట, యాసిడ్, గట్టి మాగ్నెట్ మాత్రం పక్కన పెట్టాలి. దొరికిన చోటు ఫొటో తీసుకుని, రాయిని పొడిగా దాచి, భారత భూగర్భ సర్వే శాఖకు కబురు పెట్టాలి. దేశంలో ఉల్కల బాధ్యత వాళ్లదే. వాళ్లు చూసేది నికెల్, కాండ్రూల్స్. రాయి మాగ్నెట్‌కు ఎంత గట్టిగా అంటుకుందన్నది ఆ తీర్పును తేల్చదు.