సాంచెల ఊరిలో ఒంటి జాగ్రత్తలు

మా తాత గుంట మగ్గం నేసేవాడు. కూర్చుని కూర్చుని నడుం పట్టేసేది నిజమే. కానీ పొద్దుగూకితే పోగు కానరాదు, మగ్గం ఆగేది. జొన్న గటక తిని వాకిట్లో నులకమంచం వాల్చుకునేవాడు.

మా సిరిసిల్లకు సాంచెలు (మరమగ్గాలు) వచ్చాక రాత్రి కూడా పనివేళ అయింది. మహారాష్ట్రలోని భివండిలో పని నేర్చి వచ్చినవాళ్లతో పాటు మా నాయన 12 గంటల పాళీలు చేశాడు. ఒక్క మనిషి ఎన్నో సాంచెలు చూడాలి, పాళీ అంతా నిలబడి తిరగడమే. సాంచెల మోతలో మాట వినబడదు, సైగలతోనే పని. నాయన చెవుల్లో దూది పెట్టుకునేవాడు, ముక్కుకు తువ్వాల కట్టుకునేవాడు, పాళీ దిగాక పిక్కలకు నూనె రాసుకునేవాడు. ఎండాకాలం పగటి నిద్రకు కిటికీకి తడి గోనె కట్టేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. నడుం బిగుసుకుపోతే చాట పక్కన పెట్టి వాకిట్లో నాలుగడుగులు వేసేది. ఇవేవీ డాక్టరు చెప్పినవి కావు.

2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక చేతినిండా పని దొరికింది, నాకు సంతోషమే. అయితే చెవుల్లో పెట్టిన దూది సాంచెల మోతను ఆపలేదు. మంచి చెవి ప్లగ్గులు, గాలి ఆడే షెడ్డు, మధ్యలో కాసేపు కూర్చోవడానికి బల్ల: ఇవి కూలీతో పాటు అడగాల్సినవే.