తాపీ తీరాన సూరతు

తాపీ అను మాట వినగానే తెలుగువానికి నెమ్మది స్ఫురిస్తుంది. సూరతు నగరాన్ని ఒరసికొని పారే తాపీ నదికి ఆ గుణం లేదు. పురాణాలు ఆమెను సూర్యుని కూతురన్నవి. తపింపజేయునది గనుక తపతి అయినది. గోదావరీ కృష్ణలు పడమటి కనుమలలో పుట్టి మన వైపు వచ్చినవి. తాపీ ఎదురుదారి పట్టినది. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద జన్మించి, ఖాందేశపు నల్లరేగడి నేలలను ఒరసికొంటూ, 724 కిలోమీటర్లు ప్రయాణించి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. వచ్చేటప్పుడు ఆ నల్లమట్టిని వెంట తెస్తుంది. సూరతు కథకు అసలు సూత్రధారి ఆ మట్టియే.

సూరతు సముద్రపు ఒడ్డున లేదు. నదీముఖానికి ఎగువన, ఎడమగట్టు మీద ఉన్నది. ఖంభాత్ సింధుశాఖలో ఆటుపోట్ల ఉద్ధృతి మన తూర్పుతీరంవారు ఊహింపలేనంతటిది. పోటు వచ్చినప్పుడు సముద్రం నదిలో పైకి ఎక్కి నగరాన్ని దాటిపోయేది; ఆ పోటుమీదనే పడవలు కోట గోడల వరకు వచ్చేవి. ఎదురుగట్టున ఉన్న రాందేరు ఇంకను పాత రేవు. 1530లో పోర్చుగీసువారు దానిని ధ్వంసం చేసినారు. తరువాతి దశాబ్దంలో ఖుదావంద్ ఖాన్ సూరతు గట్టున కోట కట్టించినాడు. 1573లో అక్బరు ఆ కోటను పట్టుకొన్న పిమ్మట సూరతు మొగలు సామ్రాజ్యానికి సముద్రద్వారమైనది. హజ్ యాత్రికులు ఇక్కడనే ఓడ ఎక్కేవారు. వారి బసకై 1644లో కట్టిన సరాయిలో నేడు నగరపాలక సంస్థ కార్యాలయం నడుస్తున్నది. భక్తుల విడిది పన్నుల కచేరీ అయినదన్నమాట!

అయితే ఈ ద్వారానికి గడప ఎత్తు. నదీముఖంలో ఇసుకమేట ఉండుటచేత పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయేవి. 1608లో హాకిన్స్ అను ఆంగ్లేయుడు తెచ్చిన హెక్టర్ నౌక కూడా మేట వెలుపలనే ఆగినది. ఉత్తరాన సువాలి వద్ద ఇసుకదిబ్బ చాటున ఓడలు లంగరు వేసేవి. సరకు బండ్లమీదనో చిన్న పడవలలోనో నగరానికి చేరేది. కనుక సూరతు వైభవమంతా బండి తోలేవాని భుజాలమీద, పోటువేళ తెలిసిన పడవవాని తెడ్డుమీద ఆధారపడి ఉండినది. వీర్జీ వోరా వంటి కోటీశ్వరుల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఆ పడవవారి పేరు ఒక్కటియు మనకు మిగులలేదు.

తెలుగు పాఠకునికి ఇక్కడ బందరు గుర్తు రాక మానదు. ఆంగ్లేయులు 1611లో బందరులో, 1613లో సూరతులో కోఠీలు పెట్టినారు. తవెర్నియే వంటి వర్తకులు సూరతులో దిగి గోలకొండకు, అక్కడినుండి బందరుకు నడచిన బాట ఈ రెండు రేవులను కలిపినది. బందరు వద్ద కూడా ఓడలు తీరానికి రాలేవు. కృష్ణ తెచ్చిన బురద అడ్డు. 1864 నవంబరు 1నాటి తుపానులో సముద్రం ఆ పట్టణంమీదికి వచ్చి సుమారు 30,000 మందిని బలిగొన్నది. నది తెచ్చిన మట్టితోనే డెల్టా, ఆ మట్టితోనే రేవుకు ముప్పు. దీనిని మనం ఎరుగుదుము.

శివాజీ 1664లోను, 1670లోను సూరతును కొల్లగొట్టినాడు. నగర క్షీణతను ఆ దాడులతో ఆరంభించుట చరిత్రకారులలో పలువురికి అలవాటు. నాకది సగం మాటగా తోస్తుంది. దోపిడి తరువాత కూడా వర్తకం చాలకాలం సాగినది. కాని 1687లో ఆంగ్ల కంపెనీ తన పశ్చిమ ప్రధానస్థానాన్ని బొంబాయికి మార్చినది. అక్కడి రేవు లోతైనది. 1736లో సూరతు పారశీక శిల్పి లవ్‌జీ నస్సర్‌వాన్‌జీ వాడియా ఓడలు కట్టుటకు బొంబాయికి తరలినాడు. మొగలు అధికారం సడలినది, తాపీ మేట పెరిగినది. రెండును కలిసి చేసిన పని అది. 1837లో మహాగ్నిప్రమాదం, అదే ఏడు వరద. అప్పటికి నాలుగేండ్ల బాలుడైన నర్మదాశంకరుడు పెరిగి పెద్దవాడై, 1865లో తన ఊరి చరిత్రను సంగ్రహంగా రచించినాడు.

ఓడలు పోయినవి, మగ్గాలు, జరీ నిలిచినవి. గద్వాల, ధర్మవరం చీరల అంచులలో మెరసే జరీలో చాలభాగం సూరతుదే. ఇరువదవ శతాబ్దిలో మరమగ్గాలు వచ్చిన తరువాత తెలంగాణ పద్మశాలీలు వేలసంఖ్యలో అక్కడికి వలసపోయినారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతున్నది.

స్వాతంత్ర్యానంతరం నదికి కళ్లెం వేసినారు. 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి జలాశయం. ఉకాయి నీటిక్రింద గిరిజన గ్రామాలు వందకు పైగా మునిగినవి. సూరతు వెలుగుకు మూల్యం చెల్లించినవారు సూరతును చూచినవారు కారు. 1995లో సింగన్‌పోర్ వద్ద అడ్డుకట్ట కట్టి, పోటునీరు ఎగువకు పోకుండ ఆపినారు. కట్టకు ఒక వైపు త్రాగునీరు, రెండవ వైపు ఉప్పునీరు, బురద.

నది అణగినదనుకొన్నారు. 2006 ఆగస్టులో ఎగువ వానలకు ఉకాయి నిండగా, 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలవలసివచ్చినది. నగరంలో అధికభాగం రోజుల తరబడి నీట మునిగినది. తలుపులు ముందుగా, కొద్దికొద్దిగా ఎత్తియుంటే ఇంత జరిగియుండదని నాడు పలువురు వాదించినారు. జలాశయాన్ని నింపుకొనవలెనన్న ఆశకు, వరదకై ఖాళీ ఉంచవలెనన్న జాగ్రత్తకు మధ్య తగవు అది. ఏ ఆనకట్టకైనను తప్పదు.

మనవారు ఎక్కువగా నివసించే లింబాయత్ ప్రాంతాన్ని తాపీకంటె తరచుగా ముంచేది మీఠీ ఖాడీ అను వాగు. మీఠీ అనగా తియ్యనిది. ఆ వాగుకు ఉకాయి తలుపులతో పనిలేదు. చుట్టుప్రక్కల తాలూకాలలో పెద్దవాన కురిస్తే చాలు. అదే వేళకు పోటు కూడా వస్తే నీరు సముద్రంలోకి దిగదు. వెనుకకు మళ్లి పల్లపు వాడలలో, మగ్గాలున్న గదులలో నిలుస్తుంది.